పొద్దుగాల పెరట్లో ఉత్తగనే కూర్చోవడం ఎట్లా?

నేను ఆర్టీసీలో 31 ఏళ్ళు కండక్టర్‌గా చేశాను. దేవరకొండ నుంచి హైదరాబాద్ పోయే మొదటి బస్సు డ్యూటీ పడితే మబ్బుల్నే మూడున్నరకు లేవాలి. నైట్‌హాల్ట్ పడితే ఏదో ఒక ఊళ్ళో బస్సు సీటు మీదే తెల్లారేది. అట్లా ఎన్ని తెల్లవారుజాములు చూశానో లెక్కలేదు గానీ, మా ఇంట్లో తెల్లవారడం ఎట్లుంటుందో 2018లో రిటైరయ్యేదాకా నాకు తెలియదు. రిటైరైన మర్నాడు కూడా మూడున్నరకే మెలకువ వచ్చింది. పోవాల్సిన బస్సు లేదు. పెరటి దర్వాజ తీసి గడప మీద కూర్చున్నాను. ఆ కూర్చోవడం ఇప్పటికీ నడుస్తనే ఉంది.

మొన్న ఒక పెళ్ళిలో పాత డ్రైవర్ ఒకాయన కలిసి, "రోజూ గంటసేపు చెట్లను ఏం చూస్తవన్నా? నాకు పది నిమిషాలకే బోర్ కొడ్తది" అన్నాడు. ఆయనకు అక్కడ చెప్పలేకపోయాను, బంతి లేవబోతోంది. అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

నా పెరడు పెద్ద తోటేం కాదు. ఇంటి వెనక నలభై గజాల జాగా. నిమ్మ, జామ, కరివేపాకు, మునగ ఒక్కొక్కటి. రెక్క మందారాలు రెండు, ఒక నందివర్ధనం, నాలుగు గులాబీ కుండీలు, తులసికోట. గోడ పొంటి గుమ్మడి పాదు, రేకుల మీదికి పాకించిన సోర తీగ, చిన్న చిక్కుడు పందిరి. గోడ మీదుగా ఖిల్లా గుట్ట కనిపిస్తుంది. అంతే. బాల్కనీలో ఆరు కుండీలున్నవాళ్ళకు కూడా ఇందులో సగానికి పైగా పనికొస్తుంది.

మొదటి అరగంట చెయ్యి పెట్టొద్దు

అన్నిటికన్నా కష్టమైనది ఇదే కాబట్టి ముందే చెప్తున్నాను. పెరట్లోకి పోగానే చెయ్యి ఊరుకోదు. ఎండుటాకు కనపడితే తుంచుతాం, గడ్డి కనపడితే పీకుతాం. పైపు పట్టుకున్నామంటే ఇక ఆ పూట చూసేది అయిపోయినట్టే. నీళ్ళ చప్పుడుకు పిట్టలు లేచిపోతాయి, ఆకుల మీది మంచు కొట్టుకుపోతుంది, రాత్రంతా సాలీడు కట్టుకున్న గూడు తెగిపోతుంది. మొదటి నెల నేను చేసింది అదే. చూస్తున్నాననుకుని పెరడంతా ఊడ్చేవాణ్ణి. తర్వాత రెండు చేతులతో చాయ్ గ్లాసు పట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టాను. చేతులకు ఒక పని ఉండాలి కదా.

ఫోన్ ఇంట్లోనే పెట్టి రండి. ఫోటో తీద్దామని తెచ్చుకుంటే మెసేజీలు చూస్తాం, అనుభవంతో చెప్తున్నాను.

కుర్సీ ఎక్కడ వేయాలో తేల్చుకోవడానికి నాకు వారం పట్టింది. మా పెరడు తూర్పు దిక్కు. మొదట గడప మీదే పొద్దుకు ఎదురుగా కూర్చున్నాను, ఆరున్నర కాగానే కళ్ళు చికిలించుకోవడంతోనే సరిపోయింది. అట్లని వీపు పూర్తిగా పొద్దుకు పెట్టినా ఒక నష్టం ఉంది. ఎండ ఆకు వెనక నుంచి పడినప్పుడు ఆకు అవతలి వైపు పాకే పురుగు నీడ మనకు కనపడుతుంది, అది పోతుంది. ఇప్పుడు ఎండ ఎడమ భుజం మీద పడేటట్టు గోడకు ఆనించి ఒక ముక్కాలి పీట వేసుకున్నాను. ఒకసారి చోటు కుదిరాక మార్చకండి. రోజూ అదే మనిషి, అదే మూల అని పిట్టలకు అర్థం కావాలి. మా ఇంటి పిగిలిపిట్టలు (బుల్‌బుల్ పిట్టలు) పది రోజులు నన్ను చూసి అరిచాయి. పదకొండో రోజో పన్నెండో రోజో ఒకటి వచ్చి నాకు నాలుగు అడుగుల దూరంలో జామకాయ పొడుచుకుంది. చదివింపులు అందుకున్న పెళ్ళికొడుకులాగా కదలకుండా కూర్చున్నాను.

చీకట్లో దిగితే కాళ్ళకు చెప్పులు, చేతిలో టార్చి తప్పనిసరి. కుండీల కింద, ఇటుకల సందుల్లో చూడకుండా చెయ్యి పెట్టొద్దు. వానకాలం తేలో జెర్రో ఉంటుంది, ఒక్కోసారి అంతకన్నా పెద్దదే ఉంటుంది. పీట వేసే ముందు చుట్టూ ఒకసారి టార్చి తిప్పండి.

ఎప్పుడు కూర్చోవాలి

గడియారం కన్నా పొద్దును బట్టి పోవడం మేలు. మా దిక్కు మే చివర 5.40 దాటగానే పొద్దు పొడుస్తుంది. జనవరిలో 6.45 అయితే గానీ రాదు. పొద్దుపొడుపుకు పావుగంట ముందు కూర్చుని, పొడిచిన తర్వాత గంట దాకా ఉంటే అసలు సంగతులన్నీ అందులోనే అయిపోతాయి.

మొదటి పావుగంట కళ్ళకు పని లేదు, చెవులకే. ఎండాకాలం కోకిల అందరికన్నా ముందు మొదలుపెడుతుంది. గొంతు పెంచుకుంటూ పైపైకి పోయేది మగది, నల్లగా ఉంటుంది. ఆడది మచ్చలమచ్చలుగా ఉండి వేరే రకంగా కిక్కిక్కుమంటుంది. దాని గుడ్లు కాకి గూట్లో ఉంటాయని చిన్నప్పుడు చదువుకున్నదే. కానీ మునగ మీద కాకి గూడు పెట్టిన ఏడాది, కోకిల జంట చుట్టూ తిరిగి కాకిని రెచ్చగొట్టి తరిమించుకోవడం మూడు రోజులు చూశాక గానీ ఆ చదువు నాకు ఎక్కలేదు. కాకుల తర్వాత గోరింకలు, పిచ్చుకలు. ఏ పిట్ట ముందు, ఏది వెనక అనేది వారం రోజులు వినండి, పేర్లు తెలియకపోయినా పర్వాలేదు. డిపోలో ఏ బస్సు ఇంజిన్ చప్పుడేదో మాకు తెలిసిపోయేది, ఇదీ అంతే.

ఆకు అంచు ముత్యాలు

వెలుతురు రాగానే మొదట ఆకులు చూడండి. చలికాలం ఆకు మీద నీళ్ళన్నీ మంచే అనుకుంటాం. కాదు. మంచు ఆకు నిండా సన్నగా, పొగ పట్టిన అద్దంలాగా ఉంటుంది. సోర ఆకునో టమాట ఆకునో దగ్గరగా చూస్తే అంచుల్లో, మొనల దగ్గర మాత్రం వరుసగా ముత్యాలు గుచ్చినట్టు బొట్లు కనపడతాయి. అవి పైనుంచి పడ్డవి కావు, లోపలి నుంచి వచ్చినవి. రాత్రి ఆకు రంధ్రాలు మూసుకుని ఉంటాయి, వేర్లు మాత్రం తడి నేలలోంచి నీళ్ళు తోస్తనే ఉంటాయి. ఆ ఎక్కువైన నీళ్ళు ఆకు అంచున ఉండే సన్న రంధ్రాల గుండా బయటకు వస్తాయి.

దీన్ని చూడటం సరదాకే కాదు, పనికి కూడా వస్తుంది. పొద్దున అంచు ముత్యాలు బాగా కనపడ్డాయంటే నేలలో తడి చాలినంత ఉందని అర్థం, ఆ పూట నీళ్ళు పోయక్కర్లేదు. ఎండాకాలం గాలి పొడిగా ఉంటుంది కాబట్టి తడి ఉన్నా ఇవి రాకపోవచ్చు, అప్పుడు వేలు మట్టిలో గుచ్చి చూసుకోవాల్సిందే. మా మనుమరాలు వాటిని నాలుక మీద వేసుకుని చూస్తానంటుంది. మందు కొట్టని చెట్టయినా నేను వద్దంటాను.

రాత్రి డ్యూటీ పూలు, మొదటి బస్సు పూలు

ఏ పువ్వు ఎప్పుడు తెరుచుకుంటుందో తెలిస్తే కూరగాయలు పెంచేవాళ్ళకు సగం టెన్షన్ తగ్గుతుంది. సోర పువ్వుది రాత్రి డ్యూటీ. తెల్లగా సాయంత్రం విచ్చుకుంటుంది, పొద్దున మనం పోయేసరికి వాడిన ముఖం పెడుతుంది. బీర పువ్వు కూడా పొద్దుగూకేటప్పుడే. గుమ్మడి మాత్రం మొదటి బస్సు. చీకటి విడవక ముందే తెరుచుకుంటుంది, పదీ పదకొండు కల్లా మళ్ళీ ముడుచుకుపోతుంది, ఇక ఆ పువ్వు తెరుచుకోదు.

రెండేళ్ళు మా గుమ్మడికి పిందెలు వచ్చి పసుపు తిరిగి రాలిపోయాయి. మా ఆవిడ దిష్టి అంది. గుమ్మడికే దిష్టి తగిలితే ఇంక ఇంటికి ఏం కడతాం? మూడో ఏడు పాదు ముందే పీట వేసుకున్నాను. మొదట వారం పది రోజులు పొడుగు కాడల పూలే వచ్చాయి, అవన్నీ మగవి. తర్వాత పువ్వు కింద గోలీకాయంత కాయతో ఆడపూలు వచ్చాయి. మబ్బు పట్టిన రోజు ఆడపువ్వు తెరుచుకుంది. ఎనిమిది దాకా ఒక్క తేనెటీగ రాలేదు, ఒక చీమ మాత్రం పోయి వచ్చింది. నాలుగో రోజుకు ఆ పిందె పసుపు తిరిగింది. దిష్టి ఎక్కడుందో అర్థమైంది.

ఇప్పుడు మబ్బుంటే ఆ పని నేనే చేస్తాను. అప్పుడే విచ్చిన మగపువ్వు తెంపి, రెక్కలు ఒలిచేసి, మధ్యలో పసుపు పొడి ఉన్న కాడను ఆడపువ్వు నడిమి భాగానికి మెల్లగా రుద్దాలి. ఎనిమిది లోపు అయిపోవాలి. చెయ్యి పెట్టొద్దన్న నియమానికి ఇది ఒక్కటే మినహాయింపు.

మందారం దగ్గర ఇంకో తమాషా ఉంది. తేనెపిట్ట పువ్వు ముందు నుంచి ముక్కు పెడితే పుప్పొడి దాని ఒంటికి అంటుకుంటుంది, ఆ పువ్వుది ఈ పువ్వుకు చేరుతుంది. కానీ మా తేనెపిట్ట అట్లా చేయదు. కొమ్మ మీద వాలి, పువ్వు మొదట్లో పక్క నుంచి చిన్న చిల్లి పొడిచి తేనె లాగేస్తుంది. పుప్పొడి ముట్టదు. 31 ఏళ్ళ సర్వీసులో టికెట్ లేకుండా ప్రయాణం చేసేవాళ్ళను చాలామందిని చూశాను గానీ ఇంత దర్జాగా వెనక డోరు నుంచి ఎక్కినవాణ్ణి చూడలేదు. మందారం పువ్వు తెంపినప్పుడు తొడిమె దగ్గర చూడండి, చిన్న చీలిక ఉంటే ఆ దొంగ మీ ఇంటికీ వస్తున్నట్టే. మునగ పూల మీద వాలే పెద్ద నల్ల తుమ్మెద నయం, బరువుకు పూలగుత్తి ఊగిపోయినా నిజాయితీగా ఒంటినిండా పుప్పొడి పూసుకుని పోతుంది.

ఈ మందారాల మీదే మా ఇంట్లో గొడవ. మా ఆవిడ పొద్దున ఆరుకల్లా పూజకు పూలన్నీ దులిపేసేది. "దేవునికి పెట్టేది ముఖ్యమా, పిట్టకు పెట్టేది ముఖ్యమా?" అని అడిగింది. ఏమని చెప్తాం. చివరికి గోడ వైపు కొమ్మ పిట్టకు, ఇటు కొమ్మలు దేవునికి అని తీర్మానమైంది. ఎవరింట్లోనైనా పొద్దున పెరడు చూడాలంటే పూలు కోసేవాళ్ళతో ముందే ఒక మాట అనుకోవాలి.

ఆకు వెనక

పెరట్లో సగం బతుకు ఆకు వెనకాలే జరుగుతుంది. పుస్తకాల షాపులో దొరికే చిన్న భూతద్దం ఒకటి కొనుక్కోండి. బైనాక్యులర్ అక్కర్లేదు, నలభై గజాల్లో అంత దూరం చూసేదేముంటుంది?

భూతద్దం లేని రోజుల్లో నేను చేసిన తప్పు చెప్తాను. 2019 కార్తీకంలో చిక్కుడు తీగ చివర్లకు నల్లగా పేనుబంక, అంటే రసం పీల్చే సన్న పురుగుల గుంపు, పట్టింది. మధ్యమధ్య అరంగుళం కన్నా చిన్నగా, నల్లటి ఒంటి మీద నారింజ మచ్చలతో, మొసలిపిల్ల ఆకారంలో పురుగులు తిరుగుతున్నాయి. చూస్తేనే ఒళ్ళు జలదరించింది. తీగను తినేది ఇవేననుకుని ఒక్కొక్కటి ఏరి చెప్పు కింద వేసి నలిపాను, ఇరవై పైనే. మిగిలిన పేనుకు దుకాణంలో అడిగి మందు తెచ్చి కొట్టాను. రెండు వారాలు తీగ శుభ్రం, మూడో వారం పేనుబంక ముందటి కన్నా డబుల్ వచ్చింది. మందు కొట్టాం కాబట్టి ఆ కాయలు తినడానికి కూడా భయమేసి చాలావరకు పారేశాం.

మరుసటేడు మళ్ళీ అవే మొసలిపిల్లలు కనపడ్డాయి. ఈసారి భూతద్దం ఉంది. ఒకదాని మీదే పెట్టి కూర్చున్నాను. అది ఒక పేనును ముందుకాళ్ళతో ఒడిసిపట్టి, నోట్లో పెట్టుకుని, తాటిముంజెలో నీళ్ళు జుర్రుకున్నట్టు జుర్రింది. ఖాళీ తొక్క వదిలేసి పక్కదాని మీదికి పోయింది. అక్కడ కూర్చున్నంతసేపట్లో ఐదో ఆరో అయిపోయాయి. కొన్ని రోజులకు అవి ఆకుకు అంటుకుని ముద్దగా మారి, వాటిల్లోంచి ఎర్రటి గుండ్రటి పురుగులు వచ్చాయి, వీపు మీద నల్లచుక్కలు. రైతులు అక్షింతల పురుగు అంటారు, మన చేనుకు మేలు చేసేదని. అంటే నేను నలిపింది వాటి పిల్లల్ని.

ఇంకొకటి కూడా అప్పుడే కనపడింది. పందిరి కట్టె మీద చీమల బారు. చీమ పోయి పేను వీపును మీసాలతో తట్టితే అది ఒక తీపి బొట్టు వదులుతుంది, చీమ తాగుతుంది. ఆ బొట్టు కోసం చీమలు పేనుకు కాపలా కాస్తాయి, అక్షింతల పురుగు వస్తే తరుముతాయి. కాబట్టి పేను తగ్గాలంటే ముందు చీమను ఆపాలి. పందిరి గుంజలకు పాత గుడ్డ చుట్టి ఆముదం పూశాను. పేను మరీ ముదిరిన కొమ్మకు మాత్రం లీటరు నీళ్ళకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం పూట కొడతాను. మొసలిపిల్లలున్న కొమ్మను ముట్టను.

గులాబీ ఆకులకు అంచున నాణెం పెట్టి కోసినట్టు గుండ్రటి కోతలు కనపడితే కూడా మందు జోలికి పోకండి. అది ఆకు తినే పురుగు కాదు, ఒక రకం తేనెటీగ. ఆ ముక్కను చుట్ట చుట్టి పట్టుకుపోయి గూడు అల్లుకుంటుంది. మా గులాబీకి దాంతో ఏ నష్టమూ రాలేదు. నందివర్ధనం కింద నల్లటి మిరియాల్లాంటి పెంటికలు కనపడితే తల పైకెత్తి వెతకండి. వేలంత లావు ఆకుపచ్చ గొంగళి, తల దగ్గర రెండు నీలం కళ్ళ బొమ్మలతో, ఎక్కడో ఉంటుంది. అవి కళ్ళు కావు, బెదిరించడానికి. రాత్రిపూట తిరిగే పెద్ద రెక్కల పురుగు పిల్ల అది. నాకు దాన్ని మొదటిసారి వెతకడానికి నలభై నిమిషాలు పట్టింది, ముక్కు ముందే ఉంది.

నిమ్మచెట్టు మీద ఒక నెల

ఒక్క చెట్టును ఎంచుకుని నెలపాటు చూడమంటే నేను నిమ్మనే చూడమంటాను. కరివేపాకు కూడా అంతే. లేత ఆకు మీద గసగసాల గింజ కన్నా కొంచెం పెద్దగా, లేత పసుపులో సీతాకోకచిలుక పెట్టిన ఒక్క గుడ్డు ఉంటుంది. అందులోంచి వచ్చే పిల్ల అచ్చం పిట్ట రెట్ట లాగే ఉంటుంది, నల్లగా మధ్యలో తెల్లమచ్చతో. చాలామంది ఆకు మీద రెట్ట పడిందనే దాటిపోతారు, పిట్టలూ అంతే. పెద్దదయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. అప్పుడు పుల్లతో మెల్లగా ముట్టుకుంటే తల వెనక నుంచి రెండు నారింజ కొమ్ములు బయటకు తన్ని, ఘాటు వాసన కొడుతుంది. ఒకసారి చూసి వదిలేయండి, పదిసార్లు ఆడుకోవద్దు.

తర్వాత అది పుల్లకు గూడు కడుతుంది. లైన్‌మన్ స్తంభానికి బెల్టు వేసుకుని వెనక్కి వాలినట్టు, నడుముకు ఒక పట్టుదారం కట్టుకుని వాలి ఉంటుంది. పచ్చ కొమ్మ మీదైతే పచ్చగా, ఎండు పుల్ల మీదైతే గోధుమరంగులో. ఆ గూడు నల్లబడి లోపల రెక్కల చుక్కలు మసకగా కనపడ్డాయంటే మర్నాడు పీట అక్కడే వేసుకోండి.

మొన్న ఎండాకాలం సెలవులకు వచ్చిన మనుమరాలిని ఆ రోజు మబ్బుల్నే లేపాను. ఆరూ యాభైకి గూడు పైన చిన్న చీలిక వచ్చింది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు, బయటపడ్డది. చూస్తే సీతాకోకచిలుక లాగా లేదు. లావు పొట్ట, వీపు మీద పిండి పడేసిన చేతిరుమాలు లాంటి రెక్కలు. "తాతా, దీనికి రెక్కలు పాడైనయ్" అని పిల్ల ఏడుపు ముఖం పెట్టింది. సాయం చేద్దామని పుల్ల కూడా తెచ్చింది. అట్లా అసలు చేయొద్దు. అది కొమ్మ పట్టుకుని వేలాడుతూ పొట్టలోని నీరు రెక్కల నరాల్లోకి తోసుకోవాలి, ఆ జాగా దానికి వదలాలి. పావుగంటలో రెక్కలు ఇస్త్రీ చేసినట్టు సాపయ్యాయి. నలుపు మీద పసుపు చుక్కలు, కింద ఒక ఎర్రమచ్చ. అయినా ఎగరలేదు, రెక్కలు ఆరాలి. మధ్యలో ఒక బొట్టు ఎర్రటి నీరు కింద పడితే రక్తమని పిల్ల మళ్ళీ కంగారు పడింది. అది గూట్లో మిగిలిన మలినమే. ఎనిమిదీ ఇరవైకి రెక్కలు రెండుసార్లు విప్పి మూసి, గోడ దాటిపోయింది. ఆ గంటన్నరలో పిల్ల ఒక్కసారి కూడా ఫోన్ అడగలేదు.

కరివేపాకు మొత్తం గొంగళ్ళే తినేస్తాయని మా ఆవిడ కంప్లయింటు. నాలుగైదు కనపడితే రెండు ఉంచి మిగతావి నిమ్మ మీదికి మారుస్తాను. నిమ్మచెట్టు చిన్నదైతే అట్లా మార్చొద్దు, చెట్టు తట్టుకోదు.

రాసుకోవడం

బస్సులో ప్రతి స్టేజీ దగ్గర ఎస్సార్, అంటే కండక్టర్ లెక్కల కాయితం, రాసే అలవాటు చేతిలో ఉండిపోయింది. టైము, ఎక్కింది, దిగింది. అట్లాగే ఒక రూళ్ళ నోట్‌బుక్ పెట్టాను. రోజుకు మూడు వరుసలకు మించి రాయను. "6.05 తేనెపిట్ట మగది, గోడ కొమ్మ. 6.40 తొండ తల ఎర్రబడ్డది, గోడ మీద దండాలు తీస్తుంది. గుమ్మడి ఆడపువ్వు 1." అంతే. అందం, ఆనందం లాంటి మాటలు రాయకండి, ఏడాది తర్వాత చదివితే ఏమీ తెలియదు. టైము, లెక్క రాస్తే పనికొస్తాయి. కోకిల మొదటి కూత ఏ తేదీన విన్నామో, చిక్కుడుకు పేను ఏ వారంలో పట్టిందో ముందటేడు పేజీ తిప్పితే దొరుకుతుంది.

కాలాన్ని బట్టి

చలికాలం సీతాకోకచిలుకలు, తేనెటీగలు ఎనిమిదిన్నర దాకా కదలవు, ఒళ్ళు వేడెక్కాలి. అవి ఆకు మీద రెక్కలు పరిచి ఎండ కాగుతుంటాయి, భూతద్దంతో దగ్గరికి పోవడానికి ఇంత మంచి అదను ఏడాదంతా రాదు. ఎండాకాలం మాత్రం ఏడు దాటితే మీరూ ఉండలేరు, పిట్టలూ ఉండవు. వెడల్పు మట్టి మూకుడులో రెండు వేళ్ళ లోతు నీళ్ళు పోసి, మధ్యలో ఒక రాయి పెట్టండి. లోతు ఎక్కువైతే చిన్న పిట్టలు దిగవు. నీళ్ళు రోజూ మార్చాలి, వారం వదిలేస్తే దోమల్ని పెంచినట్టే.

మృగశిర వానలు పడ్డప్పుడు, ముందురాత్రి లైటు చుట్టూ మూగిన ఉసిళ్ళ రెక్కలు తెల్లారి గుమ్మం ముందు కుప్పగా పడి ఉంటాయి. ఊడ్చేయకండి, గోరింకలు, తొండలు వచ్చి మిగిలినవాటిని ఏరుకునేదాకా ఆగండి. ఆరుద్ర కార్తె వానకు ఎర్రమట్టి మీద మఖమల్ గుడ్డ ముక్కల్లా ఆరుద్ర పురుగులు వస్తాయి. చిన్నప్పుడు అగ్గిపెట్టెల్లో వేసుకునేవాళ్ళం. పెరడంతా సిమెంటు చేసినవాళ్ళకు అవి రావు. మా వాళ్ళు కూడా బురదవుతుందని సిమెంటు చేద్దామన్నారు, నడవడానికి నాలుగు బండలు వేసి ఊరుకున్నాను. భాద్రపదం వచ్చిందంటే నేనే పెరడు వదిలి గుట్ట దిక్కు నడుస్తాను. బతుకమ్మకు ముందు తంగేడు, గునుగు పూసేది అక్కడే, ఇంట్లో పెంచితే ఆ నిండు రాదు.

చివరగా నీళ్ళ సంగతి. చూడటం అయిపోయి, చాయ్ గ్లాసు లోపల పెట్టాక పైపు తీయండి. ఆకుల మీద కొట్టకుండా మొదట్లో పెట్టండి. మా బోరు నీళ్ళకైతే ఆకులు తెల్లచారలు కూడా పడతాయి. కరివేపాకు చెట్టు వైపు మాత్రం ఈ వారం నేను చెంబుతోనే పోస్తున్నాను. కింది కొమ్మకు ఒక గూడు వేలాడుతోంది, దాని పక్కన గోడ మీద మనుమరాలు పోయేముందు చాక్‌పీసుతో "తాతా, ఇటు పైపు తిప్పొద్దు" అని రాసి, బాణం గుర్తు కూడా వేసి పోయింది.